గిండీ కాలేజీలో ఒకే ఒక్క అమ్మాయి



పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ రోజుల్లో చర్చ ఒకటే. ఏ గ్రూపు తీసుకోవాలి, ఏ బ్రాంచ్ మంచిది, ఏ ఊళ్లో సీటు వస్తుంది. అబ్బాయి విషయంలో ఈ చర్చ ర్యాంకు దగ్గర ఆగిపోతుంది. అమ్మాయి అయితే ఇంకో రెండు ప్రశ్నలు వచ్చి చేరతాయి. అంత పెద్ద సిటీకి ఎలా పంపాలి? హాస్టల్లో ఒక్కతే ఎలా ఉంటుంది? పేరెంట్ టీచర్ మీటింగులకు వచ్చినప్పుడు మీలో చాలామంది ఈ మాట నాతో అన్నారు. ఆ భయంలో తప్పేమీ లేదు. పిల్ల మీద ప్రేమ ఉన్న ఇంట్లో ఆ భయం కూడా ఉంటుంది.

అందుకే ఈ నెల మీకు ఒక తెలుగింటి అమ్మాయి జీవితం చెప్పాలనుకున్నాను. మన దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీర్‌గా పేరు పొందిన అయ్యలసోమయాజుల లలిత గారి కథ ఇది. ఎ. లలిత అనే పేరుతో ఆమె ఫొటో మీలో కొందరు చూసే ఉంటారు. ఆమె మద్రాసు యూనివర్సిటీ పరిధిలోని గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన 1940లో ఆ కాలేజీలో వందల మంది అబ్బాయిలు ఉన్నారు. అమ్మాయి ఈమె ఒక్కరే. అప్పటికి ఆమె వయసు ఇరవై, ఇరవై ఒకటి. భర్త లేరు. ఇంట్లో ఒక చిన్నపాప.

ఆమె ఎలా చదివారు అన్నదానికంటే, ఆమె చదవడానికి ఇంట్లో ఎవరెవరు ఏమేం చేశారు అన్నది మీరు గమనిస్తూ చదవాలని నా మనవి.

అన్నదమ్ములకు ఇంజనీరింగ్, ఆడపిల్లలకు పెళ్లి

లలిత గారు 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. మధ్యతరగతి తెలుగు కుటుంబం. ఏడుగురు తోబుట్టువుల్లో ఆమె ఐదో సంతానం. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. అంటే చదువు విలువ తెలియని ఇల్లు కాదు. ఇంట్లో మగపిల్లలు ఇంజనీర్లు అయ్యారు. ఆడపిల్లలకు మాత్రం స్కూలు చదువు, ఆ తర్వాత పెళ్లి. ఆ కాలంలో చదువుకున్న కుటుంబాల్లో కూడా పద్ధతి అదే.

లలిత గారికి పదిహేనేళ్లకే పెళ్లి చేశారు. పెళ్లయ్యాక చదువు పూర్తిగా ఆగిపోకుండా తండ్రి చూశారు. పదో తరగతి వరకు చదివించారు. అక్కడితో ఆగింది. ఆ తర్వాత ఒక ఆడపిల్ల పుట్టింది. పాపకు నాలుగు నెలలు ఉండగా, 1937లో, భర్త చనిపోయారు. లలిత గారికి అప్పటికి పద్దెనిమిదేళ్లు.

1937 నాటి ఇళ్లలో భర్త పోయిన అమ్మాయి పరిస్థితి ఏమిటో మన నాయనమ్మలు, అమ్మమ్మలు చెప్పగా విన్నవాళ్లు మీలో ఉంటారు. నగలు ఉండవు, శుభకార్యాలకు పిలుపు ఉండదు. నలుగురిలో కూర్చోవడం కూడా కష్టమే. ఆ ఇంట్లోనో ఈ ఇంట్లోనో వంటగది వెనక ఒక జీవితం గడిచిపోతుంది. మళ్లీ పెళ్లి చట్టప్రకారం చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చినా, మన రాజమండ్రిలో వీరేశలింగం గారు 1881లోనే వితంతు వివాహం జరిపించినా, సామాన్య కుటుంబాల్లో అది అరుదే. లలిత గారు మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఎవరి మీదా ఆధారపడకుండా తన కూతుర్ని తాను పెంచుకోవాలని నిశ్చయించుకున్నారు. అందుకు ఒకటే దారి కనిపించింది. ఉద్యోగం ఇచ్చే చదువు చదవాలి.

ఇక్కడ ఆమె తండ్రి గురించి ఒక్క మాట. పదిహేనేళ్ల కూతురికి పెళ్లి చేసింది ఆయనే. నాలుగైదేళ్ల తర్వాత అదే కూతుర్ని తిరిగి చదివించడానికి ముందుకొచ్చిందీ ఆయనే. మొదటిసారి తీసుకున్న నిర్ణయాన్ని పట్టుకుని ఆయన కూర్చోలేదు. పిల్లల విషయంలో మనం ఒకసారి ఒక మాట అనేశాక, దాని మీద నిలబడటమే పెద్దరికం అనుకుంటాం. పరిస్థితి మారినప్పుడు మాట మార్చుకోవడం కూడా పెద్దరికమే అని ఆయన జీవితం చెబుతోంది.

బ్రాంచ్ ఎంచుకున్న పద్ధతి

ముందు ఇంటర్మీడియట్ పూర్తి చేయాలి. లలిత గారు మద్రాసులోని క్వీన్ మేరీస్ కాలేజీలో చేరారు. 1914లో మొదలైన ఈ కాలేజీ మద్రాసు నగరంలో ఆడపిల్లల కోసం వచ్చిన మొదటి కాలేజీ. మెరీనా బీచ్ ఎదురుగా ఇప్పటికీ ఉంది. అక్కడ ఆమె ఫస్ట్ క్లాసులో ఇంటర్ పాసయ్యారు.

ఆ తర్వాత ఏం చదవాలి? ఆ కాలంలో తెలివైన అమ్మాయికి తెరిచి ఉన్న పెద్ద చదువు మెడిసిన్. ఆడవాళ్లు డాక్టర్లు కావడం అప్పటికే చాలా ఏళ్లుగా జరుగుతోంది. మద్రాసులో ముత్తులక్ష్మీ రెడ్డి గారు 1912లోనే డాక్టర్ పట్టా పొందారు. కాబట్టి లలిత గారు మెడిసిన్ వైపు వెళ్తే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు, ఎవరినీ ప్రత్యేకంగా అనుమతి అడగాల్సిన పనీ ఉండేది కాదు.

ఆమె మెడిసిన్ వద్దనుకున్నారు. కారణం చాలా మామూలుది. డాక్టర్ వృత్తిలో రాత్రి, పగలు తేడా ఉండదు. ఎప్పుడు పిలుపు వస్తే అప్పుడు వెళ్లాలి. ఇంట్లో చిన్నపాప ఉన్న ఒంటరి తల్లికి అది కుదరదు. ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇంటికి చేరుకునే ఉద్యోగం కావాలి. తండ్రి ఇంజనీర్, అన్నదమ్ములు ఇంజనీర్లు. ఇంజనీర్ల పని వేళలు ఎలా ఉంటాయో, ఆ పని ఏమిటో ఆమె పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు. అందుకే ఇంజనీరింగ్ అనుకున్నారు.

తల్లిదండ్రులుగా మీరు ఈ చోట కాస్త ఆగి ఆలోచించండి. పక్కింటి అబ్బాయికి ఆ బ్రాంచ్ వచ్చింది కాబట్టి, ప్యాకేజీ ఎక్కువ కాబట్టి, చుట్టాల్లో చెప్పుకోవడానికి బాగుంటుంది కాబట్టి ఆమె ఎంచుకోలేదు. నా జీవితం ఇలా ఉంది, ఇందులో నేను మోయగలిగిన చదువు ఏది అని లెక్క వేసుకుని ఎంచుకున్నారు. మన పిల్లల్ని ఏ బ్రాంచ్ కావాలి అని అడుగుతాం. ఎందుకు కావాలి అని అడిగి, వాళ్లు చెప్పేది పూర్తిగా వినడం మాత్రం తక్కువ.

అడగడానికి వెళ్లిన తండ్రి

గిండీ కాలేజీ మామూలు కాలేజీ కాదు. 1794లో సర్వే స్కూలుగా మొదలై, మన దేశంలోనే చాలా పాత సాంకేతిక విద్యాసంస్థల్లో ఒకటిగా నిలిచింది. మద్రాసు యూనివర్సిటీ 1857లో ఏర్పడ్డాక దానికి అనుబంధంగా డిగ్రీలు ఇచ్చింది. 1920లో గిండీలోని ఇప్పటి ఆవరణకు మారింది. ఇప్పుడు అన్నా యూనివర్సిటీలో భాగం. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. ఈ జిల్లాల్లో ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలు 1946లో గానీ మొదలు కాలేదు. అంతవరకు ఇక్కడి పిల్లలు ఇంజనీరింగ్ చదవాలంటే ప్రధానంగా గిండీయే దిక్కు. నాగార్జునసాగర్ పేరు వింటే గుర్తొచ్చే డాక్టర్ కె.ఎల్. రావు గారు కూడా అక్కడ చదివినవారే.

అంత పేరున్న కాలేజీలో అప్పటివరకు ఒక్క ఆడపిల్ల కూడా చేరలేదు. సుబ్బారావు గారు తన కూతురి దరఖాస్తు పట్టుకుని ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారి దగ్గరకు వెళ్లారు. ఇలాంటిది ప్రిన్సిపాల్ ఒక్కరు తేల్చే విషయం కాదు. అప్పటి ప్రజావిద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథమ్ గారి అనుమతి కూడా కావాలి. ఇద్దరూ ఒప్పుకున్నారు. కాలేజీ చరిత్రలో మొదటిసారి ఒక అమ్మాయికి సీటు వచ్చింది. ఆమె ఎంచుకున్న బ్రాంచ్ ఎలక్ట్రికల్. గిండీలో ఆ బ్రాంచ్ మొదలై అప్పటికి పదేళ్లే.

ఆయన అక్కడ ప్రొఫెసర్ కాబట్టి సీటు వచ్చింది, మాకెవరు ఇస్తారు అని మీకు అనిపించవచ్చు. నిజమే, ఆయన పరిచయం ఉపయోగపడింది. అందులో దాచేదేమీ లేదు. అయితే ఆయన స్థానంలో ఇంకొకరు ఉంటే వెనకడుగు వేయడానికి కూడా అదే కారణం అయ్యేది. రోజూ పనిచేసే చోట, తోటి ప్రొఫెసర్ల మధ్య, భర్త పోయిన కూతుర్ని వందల మంది అబ్బాయిల క్లాసుకు పంపడం అంటే, ఆ మాటలన్నీ స్టాఫ్ రూములో ఆయన చెవిన పడేవే. ఆయన వెళ్లి అడిగారు.

హాస్టల్, వారాంతం, పాప

సీటు వచ్చాక అసలు కష్టం మొదలైంది. పాప ఎక్కడ ఉండాలి? తల్లి ఎక్కడ ఉండాలి?

కాలేజీ ఆమెకు విడిగా హాస్టల్ వసతి ఏర్పాటు చేసింది. పాపను దగ్గర్లోనే ఉన్న మేనమామ ఇంట్లో పెట్టారు. వారం అంతా తల్లి క్లాసులు, ల్యాబులు, డ్రాయింగు. వారాంతం వచ్చిందంటే పాప దగ్గరకు. నాలుగేళ్ల చదువు ఇలాగే సాగింది. హాస్టల్లో పిల్లల్ని వదిలి, రెండో ఆదివారం కోసం ఎదురుచూసే తల్లిదండ్రులు మీలో ఉన్నారు. ఇక్కడ అది తలకిందులు. హాస్టల్లో ఉన్నది తల్లి, ఇంట్లో ఎదురుచూసేది పిల్ల.

కొత్త చోట అందరూ ముందుగా భయపడిన విషయం అబ్బాయిలు. ఆమెను ఏడిపిస్తారు, మాటలంటారు, చదవనివ్వరు అనుకుని ఉంటారు. అలా జరగలేదు. తోటి విద్యార్థులు ఆమెతో మర్యాదగా ఉన్నారు. ఆమెకు ఇబ్బంది కలిగేలా ఎవరూ ప్రవర్తించలేదని ఆమె కుటుంబం తర్వాతి కాలంలో ఎన్నోసార్లు గుర్తు చేసుకుంది.

ఆమెను ఇబ్బంది పెట్టింది వేరే విషయం, ఒంటరితనం. క్లాసు అయ్యాక హాస్టల్‌కు వస్తే మాట్లాడేవారు లేరు. చదివింది అర్థం కాకపోతే పక్క గదిలో అడిగేవారు లేరు. భోజనం దగ్గర తోడు లేరు. కొన్ని నెలలకే ఇది ఆమెకు భారంగా అనిపించింది. ఇంట్లో చెప్పారు. తండ్రి ఆమెను చదువు మానేసి రమ్మనలేదు, సర్దుకోమని చెప్పి వదిలేయనూ లేదు. ఇంకా కొందరు అమ్మాయిలు చేరితే ఈ సమస్య తీరుతుందని ఆలోచించారు. ఇంజనీరింగ్‌లో అమ్మాయిలను చేర్చుకుంటామని కాలేజీ తరఫున పత్రికల్లో ప్రకటన వచ్చేలా చూశారు.

ఆ ప్రకటన చూసి మరుసటి ఏడాది ఇద్దరు కేరళ అమ్మాయిలు చేరారు. పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్. ఇద్దరూ సివిల్ బ్రాంచ్. అలా హాస్టల్లో ఒకరు ముగ్గురయ్యారు.

ఈ చిన్న సంఘటన నాకు చాలా ఇష్టం. ఒక అమ్మాయి నాకు ఇక్కడ ఒంటరిగా ఉంది అని ఇంట్లో చెప్పుకోగలిగింది. ఇంట్లోవాళ్లు ఆ మాటను చులకన చేయలేదు. ఫలితంగా ఇంకో ఇద్దరు అమ్మాయిల జీవితాలు మారాయి. త్రేసియా గారు తర్వాతి కాలంలో కేరళ ప్రజాపనుల శాఖలో చీఫ్ ఇంజనీర్ అయ్యారు. దేశంలో ఆ స్థాయికి చేరిన మొదటి మహిళ ఆమే. ఒక విధంగా చూస్తే, ఆ ఉద్యోగానికి తొలి మెట్టు మద్రాసు హాస్టల్లో తోడు లేక బాధపడిన ఒక తెలుగు అమ్మాయి ఇంట్లో చెప్పుకున్న ఆ మాటే.

మన పిల్లలు హాస్టల్ నుంచి ఫోన్ చేసి బాగోలేదమ్మా అన్నప్పుడు మనం సాధారణంగా రెండే జవాబులు ఇస్తాం. వచ్చేయ్ అంటాం, లేదా కొన్నాళ్లు ఓర్చుకో అంటాం. మూడో జవాబు కూడా ఉంది. ఏం బాగోలేదో చెప్పు, దాన్ని ఎలా సరిచేయొచ్చో చూద్దాం. వార్డెన్‌తో మాట్లాడటం, గది మార్పించడం, అదే ఊళ్లో ఉన్న చుట్టాల ఇంటికి ఆదివారాలు వెళ్లే ఏర్పాటు చేయడం. ఇవన్నీ ఆ మూడో జవాబులోకే వస్తాయి.

సర్టిఫికెట్ మీద కొట్టివేత

అది రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. యుద్ధం కారణంగా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కోర్సును కొన్ని నెలలు కుదించింది. దాంతో ఏడాది తేడాతో చేరిన ఈ ముగ్గురూ దాదాపు ఒకేసారి చదువు ముగించారు. డిగ్రీతో పాటు ప్రాక్టికల్ ట్రైనింగ్ కూడా తప్పనిసరి. అందుకోసం లలిత గారు బీహార్‌లోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది అప్రెంటిస్‌గా పనిచేశారు. ఇంజన్లు విప్పి బాగుచేసే పెద్ద వర్క్‌షాపు అది. మద్రాసు దాటి, భాష తెలియని ఊళ్లో, నూనె, ఇనుము మధ్య ఏడాది.

డిగ్రీ సర్టిఫికెట్ అచ్చువేసేవాళ్లకు ఒక చిక్కు వచ్చింది. ఆ ఫారంలో ఇంగ్లిష్‌లో అతడు అనే మాట ముందే అచ్చయి ఉంది. ఇంజనీరింగ్ పట్టా ఆడమనిషికి ఇవ్వాల్సి వస్తుందని అంతకుముందు ఎవరూ అనుకోలేదు. కొత్త ఫారాలు అచ్చువేయించే బదులు, ఆ మాటను కలంతో కొట్టేసి, పైన ఆమె అని చేత్తో రాశారు. ఆ సర్టిఫికెట్ ఫొటో ఇప్పటికీ చూడొచ్చు. నేను ఇంగ్లిష్ టీచర్ని. సర్వనామాలు చెప్పేటప్పుడు పిల్లలకు ఈ సంగతి చెబుతుంటాను. రెండక్షరాల మాటలో ఒక అక్షరం చేరడానికి ఆ కాలేజీకి దాదాపు నూట యాభై ఏళ్లు పట్టిందంటే వాళ్లు నమ్మరు.

డిగ్రీ తర్వాత

మొదటి ఉద్యోగం సిమ్లాలోని సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో, ఇంజనీరింగ్ అసిస్టెంట్‌గా. సిమ్లా ఎందుకంటే, అక్కడ సోదరుడి కుటుంబం ఉంది. పాపను చూసుకునే మనుషులు ఉన్నారు. 1946 చివరి వరకు అక్కడ పనిచేశారు. ఆ సమయంలోనే లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ పెట్టే పరీక్ష కూడా రాశారు. తర్వాత కొన్ని నెలలు మద్రాసులో తండ్రి పరిశోధనలకు సాయం చేశారు. కరెంటుతో పనిచేసే ఒక సంగీత వాయిద్యం, పొగరాని పొయ్యి లాంటివి ఆయన తయారు చేస్తుండేవారు. పని ఆసక్తికరమే, కానీ దానితో ఇల్లు గడవదు.

1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరారు. కలకత్తా ఎంచుకోవడానికి కారణం మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. అక్కడ ఇంకో సోదరుడి ఇల్లు ఉంది. ఆ కంపెనీ తర్వాత చేతులు మారినా, 1977లో రిటైర్ అయ్యేవరకు, అంటే దాదాపు ముప్పై ఏళ్లు, ఆమె అక్కడే పనిచేశారు.

ఆమె పని ఏమిటో కాస్త వివరంగా చెబుతాను, సైన్సు చదివే మీ పిల్లలకు ఉపయోగపడుతుంది. కరెంటు పుట్టేది ఒకచోట, వాడేది ఇంకోచోట. మధ్యలో వందల కిలోమీటర్లు. తక్కువ వోల్టేజీలో అంత దూరం పంపితే తీగల్లోనే వేడి రూపంలో చాలా భాగం వృథా అయిపోతుంది. అందుకే పుట్టిన చోట వోల్టేజీ బాగా పెంచి పంపుతారు, ఊళ్ల దగ్గర మెట్టు మెట్టుగా తగ్గిస్తారు. ఆ పెంచడం, తగ్గించడం జరిగే చోటే సబ్‌స్టేషన్. లైను మీద పిడుగు పడితేనో, రెండు తీగలు కలిస్తేనో ఒక్కసారిగా కరెంటు ఉప్పెనలా పారి యంత్రాలు కాలిపోతాయి. ఆ ప్రమాదాన్ని రిలే అనే పరికరం కనిపెట్టి, క్షణంలో బ్రేకర్‌ను పడేస్తుంది. మన ఇంట్లో గీజర్‌లో తేడా వస్తే స్విచ్ బోర్డులో ఎం.సి.బి. కిందికి పడిపోతుందే, అలాగే. లైన్లు, సబ్‌స్టేషన్ల అమరిక, ఈ రక్షణ ఏర్పాట్ల డిజైన్ లలిత గారి పని. సట్లెజ్ నది మీద కట్టిన భాక్రా డ్యామ్ విద్యుత్ జనరేటర్లకు సంబంధించిన పనిలో కూడా ఆమెకు భాగం ఉంది. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశానికి వెలుగు ఇచ్చిన ప్రాజెక్టుల్లో అది పెద్దది.

1953లో లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా తీసుకుంది. 1964 జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. ముప్పైకి పైగా దేశాల నుంచి వందల మంది వచ్చారు. లలిత గారు తన సొంత హోదాలో ఆ సదస్సుకు వెళ్లారు. చీర కట్టుకుని సభలో కూర్చున్న భారతీయ ఇంజనీర్‌ను అక్కడి పత్రికలు ఆసక్తిగా చూశాయి. మరుసటి ఏడాది లండన్‌లోని మహిళా ఇంజనీర్ల సంఘంలో సభ్యురాలయ్యారు. 1967లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో రెండో సదస్సు జరిగినప్పుడు, మన దేశం నుంచి మహిళా ఇంజనీర్లు పాల్గొనేలా చూసే బాధ్యత తీసుకున్నారు. గిండీ హాస్టల్లో తోడు కోసం వెతుక్కున్న అమ్మాయి, తర్వాతి వాళ్లకు తోడు కూర్చే స్థాయికి చేరారు.

రిటైరయ్యాక సోదరితో కలిసి దక్షిణ భారతదేశమంతా తిరిగారు. ఆ విశ్రాంతి ఎక్కువ కాలం దక్కలేదు. 1979 అక్టోబర్ 12న, అరవై ఏళ్లకే, కన్నుమూశారు. ఆమె ఎవరి కోసం ఇంజనీరింగ్ ఎంచుకున్నారో ఆ కూతురు చక్కగా చదువుకుని టీచర్ అయింది. ఒక టీచర్‌గా ఈ మాట మీకు చెప్పడం నాకు సంతోషం.

మనం తీసుకోవలసింది

లలిత గారి గురించి చెప్పేటప్పుడు చాలామంది ఆమె పట్టుదల గురించే చెబుతారు. పట్టుదల లేకుండా ఇదంతా జరగదు, ఒప్పుకుంటాను. అయితే పట్టుదల ఒక్కటే ఉండి, ఇంట్లోవాళ్లు కదలకపోతే ఏం జరిగేదో ఆలోచించండి. తండ్రి అడగడానికి వెళ్లకపోతే సీటు లేదు. మేనమామ ఇల్లు లేకపోతే పాపను వదిలి చదివే వీలు లేదు. సిమ్లాలో, కలకత్తాలో తోబుట్టువులు తలుపు తీయకపోతే ఉద్యోగం లేదు. ఒక అమ్మాయి చదువును మూడు నాలుగు ఇళ్లు కలిసి మోశాయి.

ఈ రోజు పరిస్థితి అప్పటికంటే ఎంతో మేలు. ఇంజనీరింగ్ సీటు కోసం ఏ తండ్రీ ప్రత్యేక అనుమతి అడగనక్కర్లేదు. సర్టిఫికెట్ మీద ఎవరూ మాట కొట్టివేయనక్కర్లేదు. చాలా కాలేజీల్లో అమ్మాయిల హాస్టల్ ఉంది, ఫోన్ ఉంది, రాత్రికి రాత్రి చేరుకునే బస్సులు, రైళ్లు ఉన్నాయి. అయినా అన్నయ్యకు సిటీలో పెద్ద కాలేజీ, చెల్లికి ఇంటికి దగ్గర్లో ఏదో ఒక డిగ్రీ అనే పద్ధతి మన మధ్య ఇంకా ఉంది. ఇద్దరికీ ఒకే స్కూల్లో, ఒకే ఫీజు కట్టి చదివించిన తల్లిదండ్రులే, ఇంటర్ దాటాక ఇద్దరినీ వేర్వేరు దారుల్లో పెడుతున్నారు. తొమ్మిదో తరగతిలో లెక్కల్లో ముందున్న అమ్మాయి, ఇంటర్ తర్వాత ఎక్కడికి వెళ్తావు అని అడిగితే, ఇంట్లో ఎక్కడికి పంపితే అక్కడికే అని చెప్పడం ఒక టీచర్‌గా నేను విన్నాను. ఆ జవాబులో వినయం ఉంది. ఆశ మాత్రం లేదు.

పెద్ద నగరంలో చదువు అందరికీ తప్పనిసరి అని నేను చెప్పడం లేదు. ఇంటి పరిస్థితి, డబ్బు, ఆరోగ్యం అన్నీ చూసుకోవాలి. లలిత గారు కూడా అన్నీ చూసుకునే నిర్ణయం తీసుకున్నారు. దూరం, భయం ఉన్నప్పుడు అక్కడితో తలుపు మూసేయకుండా, ఎవరి సాయం అడగొచ్చు, ఎలాంటి ఏర్పాటు చేయొచ్చు అని ఆలోచించమని మాత్రమే అడుగుతున్నాను. మీ అబ్బాయి విషయంలో ఈ ఆలోచన మీరు ఎలాగూ చేస్తారు.

ఈ నెల ఇంట్లో పిల్లలతో మాట్లాడటానికి కొన్ని ప్రశ్నలు ఇస్తున్నాను. ఒక ఆదివారం, టీవీ కట్టేసి, అబ్బాయినీ అమ్మాయినీ పక్కపక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

1. నువ్వు ఏం చదవాలనుకుంటున్నావు? ఎందుకు? (కారణం చెప్పేవరకు మధ్యలో మాట్లాడకండి.)

2. వేరే ఊరు వెళ్లి చదవాల్సి వస్తే నీకు అన్నిటికంటే కష్టం అనిపించేది ఏమిటి?

3. అక్కడ ఒంటరిగా అనిపిస్తే ముందుగా ఎవరికి ఫోన్ చేస్తావు?

4. నీ చదువు కోసం మేం ఎవరినైనా వెళ్లి అడగాల్సి వస్తే, ఎవరిని అడగమంటావు?

మూడో ప్రశ్నకు మీ పేరు వస్తే, సగం పని అయిపోయినట్టే. మిగతా సగానికి మేం ఉన్నాం. వచ్చే మీటింగుకు వచ్చినప్పుడు పిల్లలు ఏం చెప్పారో నాతో పంచుకోండి. మీ అమ్మాయి ఏ క్లాసులో ఉన్నా సరే.